చేపకు నోరుందిగానీ...

తార్నాకలో గోల్డ్‌ఫిష్ బేరమాడితే గాజు గిన్నె, రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్క అన్నీ అంటగడతారు, నిజం తప్ప! కుళాయి నీళ్లలోని క్లోరిన్ మొప్పల్ని దెబ్బతీస్తుందనీ, ఫిల్టర్ లేని గిన్నెలో తన వ్యర్థాల అమ్మోనియానే చేపకు విషమనీ చెబితే గిన్నె అమ్ముడుపోదు కదా! చక్కగా సాకితే పదేళ్లకు పైగా బతికి, ఓయూ హాస్టల్ స్కాలర్‌కు పీహెచ్‌డీ వచ్చేదాకా తోడుండే జీవి, ఇంటర్నల్స్ దాకా ఉంటే గొప్పయింది. 2018 నాటి కేంద్ర పెట్‌షాప్ నిబంధనల నిర్వచనంలో కుక్క, పిల్లి, కుందేలు, చివరికి ఎలుక పేరూ ఉంది. చేప పేరే లేదు. రోజంతా నోరు తెరుస్తున్నా మాట బయటికి రాదనే ధీమా కాబోలు! దుకాణదారులూ, గిన్నెతోపాటు నాలుగు మంచి మాటలూ ఇవ్వండి. వాటికి జీఎస్టీ లేదు.