తురుంఖాన్‌కు తగలని గుండు

నేను నిమ్మకాయంత ఇనుప గుండుని. శంషాబాద్‌లో, బెంగళూరు రోడ్డు పక్క గల్లీలో, ఒక అవ్వ నాతో ఎల్లిపాయలు చితక్కొడుతుంది. నెత్తి మీదుగా విమానం పోతే ఇంటి రేకులు గడగడమంటాయి, నేను గచ్చు మీద దొర్లి గడప దాకా పోతాను. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు తెరిచిన నాటి నుంచి ఇదే వరస. అంతకు ముందు నేను విన్న పెద్ద మోత ఒక్కటే, నన్ను పేల్చినప్పటిది.

1857 జూలై 17, శుక్రవారం. దాచడమెందుకు, నేను ఈస్టిండియా కంపెనీ సొత్తుని. హైదరాబాద్ రెసిడెన్సీలో, మద్రాసు హార్స్ ఆర్టిలరీ ఫిరంగి పక్కన తోటి గుండ్లతో పడి ఉన్నాను. కోఠి మహిళా కళాశాల నడిచిన భవనం తెలుసుగా, అదే అప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడి హైదరాబాద్ చేరిన జమేదార్ చీదా ఖాన్‌ను, ఆశ్రయం ఇవ్వకపోగా, నిజాం దివాన్ సాలార్‌జంగ్ పట్టి రెసిడెన్సీకి అప్పగించాడు. ఊరు భగ్గుమంది. మక్కా మసీదులో నమాజు అయ్యాక తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీదికి ముందు నడిచారు. వెనక ఐదొందల మంది దాకా, ఎక్కువగా రోహిల్లాలు.

కానీ రెసిడెంటు డేవిడ్సన్‌కు సాలార్‌జంగ్ కబురు ముందే చేరింది. ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. వచ్చినవాళ్లు పక్కనున్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ ఇళ్లెక్కి తుపాకులు పేల్చారు. చీకటి పడింది. నన్ను పేల్చారు. ఎవరికీ తగల్లేదు, సున్నపు గోడలో దిగబడ్డాను. నా జన్మకు అదొక్కటే పుణ్యం. తెల్లవారుజాముకు అంతా సద్దుమణిగింది.

ఆ ఏటి తిరుగుబాటులో ఢిల్లీ, లక్నోల్లో నెలల తరబడి పోరు నడిచింది, ఇక్కడ ఒక్క రాత్రి. ఇదేం యుద్ధమంటారేమో. నిజాం ఊరు గనక తిరగబడితే దక్షిణమంతా చేజారుతుందని దొరలు వణికిన మాట మాత్రం నిజం.

ఆ తర్వాతిదంతా గోడలోంచి విన్నదే. తుర్రేబాజ్ ఖాన్ దొరికాడు, అండమాన్ శిక్ష పడింది, పంపేలోపే 1859 జనవరిలో తప్పించుకున్నాడు. ఐదువేల రూపాయల బహుమతి ప్రకటించారు. వారం తిరక్కుండానే తూప్రాన్ దగ్గర చంపేశారు. శవాన్ని ఊళ్లోకి తెచ్చి జనం చూసేలా వేలాడదీశారు. నాకు కనబడదు కదా, బజారంతా ఒక్కసారిగా నోరు మూసుకోవడం మాత్రం వినబడింది. మౌల్వీని అండమాన్ పంపారు, అక్కడే పోయాడు.

చాలా ఏళ్లకు ఆ గోడ కూల్చిన కూలీ ఒకాయన, పిల్లలు ఆడుకుంటారని నన్ను రుమాల్లో కట్టుకుని శంషాబాద్ తెచ్చాడు. ఈ అవ్వ ఆయన మనవరాలే.

అవ్వ మనవడు ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. నిన్న పొద్దున ఎవరో ప్యాసింజరుతో కొట్లాడి వచ్చి, వాకిట్లో నిలబడి రంకెలేస్తున్నాడు. అవ్వ నన్ను పైకెత్తి అట్లాగే ఆగింది.

"ఏందిరా, పెద్ద తురుంఖాన్ లెక్క ఒర్రుతున్నవ్? కాళ్లు కడుక్కొని రా, బువ్వ తిందువు."

తురుంఖాన్ అనే ఆ మాట తుర్రేబాజ్ ఖాన్ పేరు నుంచే వచ్చిందని హైదరాబాదులో చెప్పుకుంటారు. అవ్వకు ఆ సంగతి తెలియదు. వాడికీ తెలియదు. ఎల్లిపాయ మీద పడబోతూ నేనొక్కణ్ణే ఉలిక్కిపడ్డాను.