రాళ్ల పంటకు వానెందుకు?

వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేయడం అనంతపురానికి కొత్త కాదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగే సగటుతో రైతు తంటాలు పడుతుంటే, తెలివైనవాళ్లు వానతో పనిలేని పంటొకటి పట్టారు. చేను చదును చేసి, హద్దురాళ్లు నాటి, ముందు ఒక కమాను నిలబెడితే సరి. కలుపు తియ్యక్కర్లేదు, పంటల బీమా కోసం బ్యాంకు మెట్లెక్కక్కర్లేదు. 2017లో ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ ఖాయమైనప్పటి నుంచి, అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న పెనుకొండ చుట్టూ ఈ సాగు జోరందుకుంది. 2019లో కార్లు బయటికొచ్చాయి. చాలా వెంచర్లలో రాళ్ల మధ్య ఇల్లు మాత్రం ఇంకా మొలవలేదు.

ఇళ్ల కరువుకు బాడుగలు తినేవాడే కారణమని తిట్టడం తేలిక. నిజానికి అతను ఇల్లంటూ కట్టాడు. జేఎన్‌టీయూ, ఎస్కే యూనివర్సిటీ పిల్లలు ఎందరో తల దాచుకునేది అలాంటి గదుల్లోనే. రేపు ఆ ఇల్లు అమ్మేసినా ఊళ్లో ఇళ్ల లెక్క ఒక్కటీ పెరగదు. అతని తప్పు లేదనను: ఉన్న ఇల్లు తాకట్టు పెట్టి రెండోది, మూడోది కొనేవాడితో, జీతం చీటీ పట్టుకుని తొలి ఇంటికొచ్చిన గుమాస్తా పోటీ పడలేడు. కానీ అసలు దొర ఎవరంటే, కట్టకుండా, అమ్మకుండా, ధర కోసం కాచుకున్నవాడు. 2012లో కేంద్రం వేసిన నిపుణుల బృందం పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్లు తక్కువన్నది. 2011 జనగణనలో అవే పట్టణాల్లో ఖాళీగా కనబడ్డ ఇళ్లు 1.1 కోట్లు. ఖాళీ ప్లాట్లు ఆ లెక్కలోకి రానేరావు. మన పీఠభూమిలో నేలకు కరువా? అయినా 2020 డిసెంబరు 25న ప్రభుత్వం పట్టాలు పంచినప్పుడు పట్టణ పేదకు దక్కింది ఒక్క సెంటు, అంటే 48 గజాల చిల్లర. అదీ చాలాచోట్ల ఊరికి దూరాన. ఊరి పక్క నేల అప్పటికే రాళ్ల సాగులో ఉంది మరి.

‘పిల్ల పెళ్లికని కొన్న ప్లాటు, దాని మీదా ఏడుపేనా?’ అంటారు. కొన్నందుకు కాదు. ఆ ప్లాటు ధర పెరిగింది ఆయన చెమటతోనా? రహదారి, ఫ్యాక్టరీకి సర్కారిచ్చిన నేల, హంద్రీ-నీవా నీళ్లు, అన్నీ జనం సొమ్ముతో వచ్చినవే. అలా ఊరికే పెరిగిన నేల విలువ మీదే పన్ను వేయాలని అమెరికాలో హెన్రీ జార్జ్ 1879లోనే పుస్తకం రాశాడు. మన దగ్గరా ఖాళీ స్థలం పన్ను ఉంది గానీ, అమ్మేటప్పుడో ప్లాను పెట్టేటప్పుడో తప్ప దాన్ని తలచుకునేవాళ్లు తక్కువ. పెంచితే బాడుగదారు నెత్తిన రుద్దుతారని ఇంకో భయం. ఇంటి పన్ను విషయంలో ఆ భయానికి అర్థముంది. ఖాళీ ప్లాటులో కాపురముండేవి కంపచెట్లు. వాటి దగ్గర ఎంత వసూలవుతుందో యజమానులే ప్రయత్నించి చూడాలి.