కర్ణభేరీ విజయము

అష్టాదశ వర్ణనలు లేనిది ప్రబంధమే కాదన్నారు లాక్షణికులు. పురం, సాగరం, శైలం, ఋతువు, దండయాత్ర అన్నీ వారి లెక్కలోకి వచ్చాయి గానీ వెయ్యి రూపాయల లోపు ఇయర్‌ఫోన్ల కొనుగోలు రాలేదు. ఆ కొరత ఈ కావ్యంతో తీరుతున్నది. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర బండి పెట్టుకోవటానికి జాగ దొరికినప్పుడే ఇష్టదేవతా స్తుతి అయిపోయింది. కుకవినిందకు తీరిక లేదు, ఎండ ముదురుతున్నది.

కృతినాయకుడు మా అక్క కొడుకు. డిగ్రీ మొదటి సంవత్సరపు ధీరోదాత్తుడు. కోశాగారంలో రెండు ఐదు వందల నోట్లు. “మామా, బేస్ దంచాలె” అని ప్రతిజ్ఞ చేశాడు. భీష్ముడు కూడా ఇంత పొదుపుగా మాట్లాడి ఉండడు. ఆ వీరుడి హృదయాన్ని ఆటవెలదిలో చెప్పక తప్పదు:

బేసు లేని పాట పేలవంబగు గాదె
దరువు లేని పెండ్లి దండుగయగు
చెవుల దూరి గుండెఁ జేరెడు మ్రోతకై
వేయి రూకలైన వెచ్చపెట్టు

ఇక పురవర్ణన. కరీంనగరం తీగల పట్టణం. ఇక్కడి కళాకారులు వెండిని వెంట్రుకంత సన్నని తీగ చేసి ఫిలిగ్రీ పెట్టెలు, పళ్లేలు అల్లుతారు. మానేరు మీద 2023లో తీగల వంతెన వెలిసింది. అట్లాంటి ఊళ్లో పుట్టినవాడు బ్లూటూత్‌ను కాదని తీగ ఉన్న ఇయర్‌ఫోన్లే కోరటం వంశగౌరవమే. పైగా ఈ ధరలో బ్యాటరీకీ బ్లూటూత్‌కూ పెట్టే రూపాయలు మిగిల్తే ఆ మేరకు మోతకు ఖర్చుపెట్టవచ్చు. చార్జింగ్ బాధ కూడా లేదు.

వంశవర్ణన: మూలపురుషుడు అమెరికాలోని యూటా రాష్ట్రపు నతానియెల్ బాల్డ్విన్. వంటింట్లో కూర్చుని చుట్టిన హెడ్‌ఫోన్లను 1910లో నౌకాదళానికి పంపాడు. 1958లో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్లను లోకం మీదికి వదిలాడు. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చి పాటను నడుముకు కట్టించింది. మన దేశంలో 2016లో అమన్ గుప్తా, సమీర్ మెహతా బోట్ అనే జెండా ఎత్తి, ఒక దళానికి బేస్‌హెడ్స్ అని బిరుదిచ్చి, కుర్రకారు చెవులను జయించారు.

బేస్ అనగానే మొహం చిట్లించే పెద్దమనుషులు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్లు ఒక్కసారి ఒగ్గుకథ డోలు పక్కన నిలబడి రావాలి. మంటకు కాచి బిగువెక్కించిన డప్పు మీద సిర్ర పడితే చెవి కంటే ముందు ఛాతీ వింటుంది. దీపావళి ముందు దండారి పండుగ రోజుల్లో ఆదిలాబాద్ గూడేల్లో నెమలి ఈకల టోపీలతో గుస్సాడీ ఆటగాళ్లు దిగినప్పుడు డప్పులు, తుడుములు కొట్టే దెబ్బకు కాళ్లు వాటంతట అవే లేస్తాయి. ఆ ఆటకే మార్లవాయి కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఈ గడ్డ మీద పుట్టిన పిల్లవాడు మోత అడిగితే అది వ్యసనమెట్లా అవుతుంది? చిక్కు ఒక్కటే. ఇయర్‌ఫోన్ ఛాతీకి తగలదు. ఛాతీకి రావలసిన బాకీని కూడా చెవి దగ్గరే వసూలు చేసుకోవాలని కుర్రాళ్లు వాల్యూం పెంచుతారు.

దుకాణంలో సేనలు బారులు తీరి ఉన్నాయి. బోట్, జేబీఎల్, సోనీ, రియల్‌మీ, జెబ్రానిక్స్. వెనుక వరుసలో పేరూ గోత్రమూ లేని కాల్బలం. ప్రతి పెట్టె మీదా బిరుదావళి: ‘ఎక్స్‌ట్రా బేస్’, ‘10 ఎంఎం డ్రైవర్’, ‘32 ఓమ్స్’. ఇన్ని బిరుదులు రాయలవారికైనా ఉన్నాయో లేవో.

ఆ సమయాన ఆదిలాబాద్ నుంచి అశరీరవాణి పలికింది. ఆకాశవాణి ఎఫ్‌ఎం కాదు, మావాడి దోస్తు ఫోను. “అరేయ్, తలకాయ మీద పెట్టేది తీస్కో, చెవులు మొత్తం మూసేది. సలికాలంల టోపీ లెక్క గూడ పనికొస్తది.” తెలంగాణలో చలికి రాజధాని ఆదిలాబాద్ కాబట్టి ఆ సలహాలో దేశకాలజ్ఞానం ఉన్నది. మెత్తలు చెవిచుట్టూ బిగుసుకుంటే మోత కూడా బాగానే నిలుస్తుంది. కానీ కరీంనగర్ మే నెలలో ఆ మెత్తల కింద చెవి ఉడికిపోతుంది. వీరుడు వాణికి నమస్కరించి ఫోను పెట్టేశాడు.

మొదటి జత చెవిలో పెట్టుకుని పాట మోగించి, వీరుడు నీరుగారిపోయాడు. “ఏం లేదు మామా, సప్పగున్నది.” రెండోదీ అంతే. దుకాణదారు నవ్వి గల్లా కింద నుంచి ప్లాస్టిక్ సంచి తీశాడు. అందులో దివ్యాస్త్రాలు: చిన్నవీ పెద్దవీ రబ్బరు బుడిపెలు. “తమ్మీ, నీ చెవి పెద్దది, గీ రబ్బరు చిన్నది. పెద్దది ఏసి జూడు.”

వేసి చూశాడు. కళ్లు పెద్దవయ్యాయి. కాలు తాళం వేయటం మొదలుపెట్టింది.

ఇదే యుద్ధపర్వంలోని అసలు రహస్యం. మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా వింటుంది. బేస్ కాపురం అడుగున, సుమారు 250 లోపల. డీజే బండి మీద అంతంత స్పీకర్లు చేసే పనిని చెవిలో గోరంత పొర చేయాలంటే గుహద్వారం మూసి ఉండాలి. లోపల చిక్కిన కాస్త గాలిని ఆ పొర నొక్కుతుంది, వదులుతుంది, కర్ణభేరి కదులుతుంది. వెంట్రుకంత సందు ఉన్నా ముందు పారిపోయేది బేసే. తాళాల గలగలలు మాత్రం నిమ్మళంగా కూర్చుంటాయి. పెట్టె మీద బిరుదులన్నీ చదివి బుడిపె కొలత చూడనివాడు కోటగోడలు కట్టి తలుపు మరిచిన రాజే. ఇంకో మాయ కూడా ఉంది. చవక సరుకులో కొందరు 100, 200 హెర్ట్జ్ దగ్గర పిడిగుద్దులు పెంచి దాన్నే బేస్ అంటారు. పాడేవాడి గొంతు ఆ ధూళిలో కనపడకుండా పోతుంది. అందుకే మావాడి చేత డీజే పాటతో పాటు ఒక మెత్తని పాట కూడా వినిపించాను. డోలుకు డోలు, గొంతుకు గొంతు వినిపించిన జతే గెలిచింది.

బేరం సంగతి క్లుప్తంగా: ఆయన దిగలేదు, మేము ఎక్కలేదు, రబ్బరు బుడిపెలు ఊరికే ఇచ్చాడు.

విజయయాత్ర ఇంటికి చేరగానే మా అక్క గుమ్మంలోనే శాపం సిద్ధంగా ఉంచింది: “చెవులు పోతయ్ రా నీకు!” ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే మాటను లెక్కకట్టి చెప్పింది, 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు దాటొద్దని. అక్క లెక్క చెప్పలేదు గానీ ఆమె గొంతు 80 దాటింది. శాపవిమోచనం నేనే చెప్పాను: చెవి బాగా మూసుకుంటే బస్సు రొద లోపలికి రాదు, రొద రాకపోతే వాల్యూం పెంచే పని లేదు. చిన్న శబ్దంలో బేస్ తక్కువగా వినిపించటం చెవి సహజగుణమేనని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే తేల్చారని కూడా చెప్పబోయాను. అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది.

వీరుడు తన కొత్త ఫోను తీశాడు. దుకాణంలో పరీక్షలన్నీ నా పాత ఫోనుతో జరిగిన విషయం అప్పటిదాకా ఎవరికీ గుర్తుకు రాలేదు. ఫోనును కిందికీ పైకీ తిప్పి చూశాడు. “మామా, దీనికి పొక్కే లేదు!”

ఇది కరీంనగర పురవాస్తవ్య మేనమామ ప్రణీతంబైన కర్ణభేరీ విజయంబను కావ్యమునందు సర్వంబును ప్రథమాశ్వాసము. ద్వితీయాశ్వాసమున టైప్ సీ కన్వర్టర్ కొనుట.