గ్రంథాలయంలో చేతిపని, రెండు క్రెడిట్లు

గ్రంథాలయంలో బీరువాలు పక్కకు జరిపి, ఆ ఖాళీలో చక్రాల బల్లలు, త్రీడీ ప్రింటరు, గ్లూగన్ను పెట్టి, ఇంజనీరింగు, చరిత్ర, కామర్సు విద్యార్థుల చేత ఉమ్మడిగా ఏదో ఒకటి చేయించే తరగతిని బహుశాస్త్ర అనుభవాత్మక కోర్సు అంటారు. 2020 జాతీయ విద్యావిధానం ఈ రెండు విశేషణాలనూ దీవించడంతో బోర్డులు మార్చడానికి ముహూర్తం కుదిరింది. లైబ్రేరియన్ ఫెసిలిటేటరై గ్లూగన్నుకు కాపలా కాస్తాడు. పుస్తకాలు 'అనుభవం' కిందికి రావు కనుక గోదాముకు పోతాయి. సెమిస్టరు చివర ఒక కీచైను, ఒక పోస్టరు, ఒక ఆత్మపరిశీలన నివేదిక పుడతాయి. ఎవరూ ఫెయిలవరు.

ఇదంతా కొత్తదని చెప్పుకోవడానికి చెన్నైలో జార్జి టౌన్ ఒక్కటే అడ్డు. అక్కడి ఆండర్సన్ వీధి కాగితాలకూ శుభలేఖలకూ పేరుపడ్డ చోటు. తెలుగు శుభలేఖ ఒకటి అచ్చు కావాలంటే కాగితం మందం వేలికొసకు అందాలి, సిరా ఎప్పటికి ఆరుతుందో తెలియాలి, ముహూర్తం పంచాంగంతో సరిపోవాలి, మేనమామ పేరు ఏ వరుసలో పడాలో ఎరుక ఉండాలి (లేకుంటే అలకలు తప్పవు), చివరికి బేరం తెగాలి. రసాయనం, ఖగోళం, బంధుత్వం, వాణిజ్యం అన్నీ ఒకే కొట్లో. పెళ్లికూతురి పేరులో ఒక కొమ్ము తప్పితే కట్టంతా చిత్తు, నష్టం అచ్చువేసినవాడిది. ఇలాంటి మూల్యాంకనం ఏ విశ్వవిద్యాలయ రూబ్రిక్‌లోనూ కనబడదు.

అదే జార్జి టౌన్‌లో తంబుచెట్టి వీధిది మరీ విడ్డూరం. అక్కడ ఆఫీసు పెట్టుకున్న కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం రాబడితో 1914 నుంచి మద్రాసులో ఆంధ్రపత్రికను దినపత్రికగా, 1924 నుంచి సాహిత్య పత్రిక భారతిని నడిపారు. ఆంధ్ర గ్రంథమాల పెట్టి పుస్తకాలు వేశారు, గ్రంథాలయోద్యమానికి దన్నుగా నిలిచారు. తలనొప్పి మందు, వార్త, సాహిత్యం, గ్రంథాలయం: ఈ నాలుగూ కలిసి ఏ శాఖ కిందికి వస్తాయో తేల్చడానికి నేటి పాఠ్యప్రణాళికా సంఘం కనీసం మూడుసార్లు టీ తాగాలి.

కాలేజీలు మాత్రం ఆ వీధుల్లో నిలవలేదు. క్రిస్టియన్ కాలేజీ 1937లో తాంబరం వెళ్లింది, పచ్చయప్ప కాలేజీ 1940లో చెట్‌పట్ చేరింది, లా కాలేజీ 2018లో ఊరి బయటికి పోయింది. పనివాళ్లకు దూరంగా చెట్లనీడ దొరికాక ఉన్నత విద్యకు చేతులు గుర్తొచ్చాయి. వీధికి తిరిగి వెళ్లడం పరువు తక్కువ, యంత్రం కొనడం గ్రాంటు ఎక్కువ.

గ్రంథాలయానికి సొంత చేతిపనులు లేకపోలేదు. తాళపత్రానికి నూనె పట్టించడం, పురుగు తొలిచిన పుటకు పలచటి కాగితం అతకడం, వీపు ఊడిన పుస్తకాన్ని కుట్టి అట్ట కట్టడం, ఒక్కొక్కటీ రసాయనం, చరిత్ర, చేతినేర్పు కలిసిన పాఠమే. అవి కోర్సులో ఉండవు. టెండరులో ఉంటాయి, తక్కువ రేటు వేసినవాడికి.