ఆ పేరు నేనెందుకు అడిగాను

సమాచార హక్కు దరఖాస్తులో నేను అడిగినవాటిలో నాలుగు కాగితాలకు సంబంధించినవి. ఐదోది ఒక మనిషి పేరు. ఆ ఐదోది రాయడమంత తెలివితక్కువ పని నా జీవితంలో ఇంకోటి చెయ్యలేదు.

సూరత్ రింగ్ రోడ్డు దగ్గర ఒక ట్రాన్స్‌పోర్టు గోదాములో లెక్కలు రాస్తాను. ఇక్కడి మార్కెట్ల నుంచి చీరల పార్సిళ్లు హైదరాబాదుకు, వరంగల్లుకు వెళ్తుంటాయి. డ్రైవర్లలో మనవాళ్లు చాలామందే. లింబాయత్‌లో మగ్గాల మీద ఏళ్లకేళ్లు పనిచేసి, ఇక చాలనుకుని స్టీరింగ్ పట్టినవాళ్లూ ఉన్నారు. 2020, 21ల్లో వాళ్లు తెచ్చే డీజిల్ బిల్లుల్లో వేరే రకం చీటీలు కనపడసాగాయి. తెల్లకాగితం మీద చేత్తో ‘బయోడీజిల్’ అని రాసి, కింద లీటర్లు, రూపాయలు. జీఎస్టీ నంబరు లేదు, బంకు పేరు లేదు. ధర డీజిల్ కంటే బాగా తక్కువ. ఏమిటని అడగకుండా అన్నీ ఖాతాలో ఎక్కించాను.

డీజిల్ జీఎస్టీలోకి రాదు. దాని మీద కేంద్రానికి ఎక్సైజ్ సుంకం, రాష్ట్రానికి వ్యాట్ కట్టాలి. బయోడీజిల్ మాత్రం జీఎస్టీ కిందికి వస్తుంది. దాన్ని డీజిల్‌లో కలపడానికే అమ్మాలని 2019లో కేంద్రం నిబంధనలు పెట్టింది. హైవే పక్కన రేకుల షెడ్డులో ట్యాంకు, నాజిల్ పెట్టుకుని లారీల్లో పోసింది చాలాచోట్ల అసలు బయోడీజిలే కాదు, ఫ్యాక్టరీల్లో వాడే నూనెలు. డీజిల్ మీద రావాల్సిన పన్ను అలా ఎగిరిపోయింది. 2021లో ముఖ్యమంత్రి విజయ్ రూపానీ గట్టిగా ఆదేశించాక గుజరాత్ అంతటా దాడులు జరిగాయి. మా లారీలు ఆగే షెడ్డూ మూతపడింది. ఆ తర్వాత కేసు ఏమైందో, ఎంత పన్ను రాబట్టారో ఒక్క ముక్క బయటికి రాలేదు.

అందుకే దరఖాస్తు పెట్టాను. ఇంగ్లిష్, హిందీ, లేదంటే ఆ ప్రాంతపు అధికార భాష. ఈ మూడింట్లో ఏదో ఒకదాంట్లోనే రాయాలి కాబట్టి పక్కింటాయన చేత గుజరాతీలో రాయించి, ఇరవై రూపాయల ఫీజు కట్టాను. పంచనామా నకలు, శాంపిల్ పరీక్ష నివేదిక, జప్తు చేసిన సరుకు వివరం, పన్ను కట్టమని ఇచ్చిన ఉత్తర్వు అడిగాను. ఇవి నాకే కాదు, ఎవరికైనా తెలియాల్సినవి. ఐదోది: ఆ షెడ్డు మీద మొదట ఫిర్యాదు చేసిందెవరు?

ఎందుకడిగానంటే సరైన జవాబు లేదు. నలుగురికీ తెలియనిది నాకు తెలియాలన్న ఆశ తప్ప ఇంకేం లేదు. సమాచారం ఎందుకు కావాలో చెప్పక్కర్లేదని చట్టంలోనే ఉంది. అధికారికి చెప్పక్కర్లేదంటే, నన్ను నేనూ ప్రశ్నించుకోనక్కర్లేదనుకున్నాను.

ఐదూ ఇవ్వం అన్నారు. మొదటి నాలుగింటికీ సెక్షన్ 8(1)(హెచ్), దర్యాప్తుకు ఆటంకం అని. ఐదోదానికి 8(1)(జి), సమాచారం ఇచ్చినవాళ్లెవరో బయటపడుతుంది, ప్రాణాపాయం ఉండొచ్చు అని. నాకు రెండూ ఒకటే అనిపించాయి. దొంగల్ని కాపాడుతున్నారని ఊగిపోయి, మొదటి అప్పీలు నిండా ఐదోదాని గురించే రాశాను. మిగతా నాలుగింటికీ కలిపి ఒక్క వాక్యం. అది గోదాములో టీ తాగుతూ అందరికీ చదివి వినిపించాను కూడా.

మర్నాడు సిరిసిల్ల వైపు డ్రైవరొకతను పార్సిళ్ల చాటుకు పిలిచాడు. “అన్నా, ఆ ఫోన్ జేసింది నేనే. గా నూనె పోసి ఇంజన్ ఖరాబైతే నా జీతంల కోసిండ్రు. పేరు బయటికొస్తే ఈ రోడ్డు మీద బండి నడుపుతనా నేను? సదువుకున్నోనివి, గంత తెల్వదా?”

నాకు తెలియక కాదు. కల్తీ బంకు మీద చర్య తీసుకున్నందుకు ఇండియన్ ఆయిల్ అధికారి షణ్ముగం మంజునాథ్‌ను 2005లో లఖింపూర్ ఖేరీలో కాల్చి చంపారు. 2011 జనవరిలో మన్మాడ్ దగ్గర ఆయిల్ దొంగతనాన్ని పట్టుకోబోయిన అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనవణేని పట్టపగలు సజీవంగా తగలబెట్టారు. అక్రమ తవ్వకాల మీద పోరాడుతూ సమాచార హక్కును ఆయుధం చేసుకున్న అమిత్ జెఠ్వాను 2010లో గుజరాత్ హైకోర్టు ఎదురుగానే కాల్చేశారు. ఇవన్నీ పేపర్లో చదివి బాధపడినవాణ్ణే. హోదా ఉన్న అధికారులకే ఆ గతి పడితే, నెలజీతం డ్రైవరుకు ఏ దిక్కుందని నేను ఆ పేరు అడిగాను? ఆ ఆఫీసు అది నా చేతిలో పెట్టి ఉంటే, టీ దగ్గర దాన్ని కూడా చదివి వినిపించేవాణ్ణి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ఇంకో తప్పు తర్వాత తెలిసింది. నేను గట్టిగా పోరాడాల్సినవి ఆ నాలుగే. దర్యాప్తు నడుస్తోందన్నంత మాత్రాన కాగితాలు ఆపకూడదని, ఇస్తే ఎలా ఆటంకమో చూపించాలని భగత్ సింగ్ అనే దరఖాస్తుదారు కేసులో ఢిల్లీ హైకోర్టు 2007లోనే చెప్పింది. ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 ఉంది. ఇవేవీ చూడకుండా నేను పేరు పట్టుకు వేలాడాను. మొదటి అప్పీలు కొట్టేశారు. ఆ ఒక్క వాక్యానికి అంతకంటే ఏం వస్తుంది?

రెండో అప్పీలుకు తొంభై రోజుల గడువుంటుంది. గాంధీనగర్‌లోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు పంపేశాను. ఐదో అంశం ఉపసంహరించుకుంటున్నానని మొదటి పేరాలోనే రాయించి, మిగతా నాలుగింటికీ ఢిల్లీ తీర్పును, సెక్షన్ 10ని చూపించాను. లారీ నంబర్లు, డ్రైవర్ల సంతకాలు కనబడకుండా కొట్టేసి, నా ఖాతాలో ఎక్కిన ఆ తెల్లచీటీల నకళ్లు జతచేశాను. పన్ను ఎగ్గొట్టిన నూనె లెక్క నా చేతి రాతలోనే ఉంది కాబట్టి, నన్ను అడిగితే చెబుతానని కూడా రాశాను. ఈ సంగతి మా యజమానికి ముందే చెప్పాను.