అడగండర్రా, నోరు లేదా!

ఏమర్రా, ఇంటి పన్ను కట్టమని ఫోన్‌లో మెసేజ్ రాగానే వేలితో నొక్కేసి చేతులు దులిపేసుకుంటారే, ఆ అంకె ఎలా వచ్చిందని మీలో ఒక్కరైనా అడిగారా? పెరిగిందని వాట్సాప్‌లో మాత్రం బారెడు తిట్లు. ఒక్క కాగితం ముక్క రాసి మునిసిపాలిటీలో ఇవ్వండిరా అంటే, "ఎవరు తిరుగుతారు తాతయ్యా" అంటారు.

మా రోజుల్లో పన్ను వెయ్యాలంటే మనిషి గుమ్మంలోకి వచ్చేవాడు. సైకిలు గోడకి ఆనించి, చంకలో రిజిస్టరు, చేతిలో టేపు. రెండో కొస మా నాన్నగారే పట్టుకునేవారు, లేకపోతే అరుగుని కూడా గదిలో కలిపేస్తాడని ఆయన భయం. "వెనకది పెంకు, ముందుది డాబా, రెంటికీ ఒకటే రేటేమిటయ్యా?" అని నాన్నగారు, "రూల్సండీ" అని ఆ వచ్చినాయన. మధ్యలో మా అమ్మ మజ్జిగ ఇచ్చేది. పలుకుబడి ఉన్నవాళ్ల ఇళ్లు ఆ టేపుకి కాస్త చిన్నవిగా తేలేవి, కాదనను. అయినా ఇల్లు చూసి వేసిన పన్ను అది.

అప్పటి లెక్క వార్షిక అద్దె విలువ. ఏ జోన్, ఏ రకం కట్టడం, ఎన్ని చదరపు అడుగులు, కాపురమా కొట్టా, ఇవన్నీ చూసి కట్టేవారు. ఇంటి వయసుకి తరుగు ఉండేది: 25 ఏళ్ల దాకా 10 శాతం, 40 దాకా 20, ఆపైన 30. హైదరాబాదులో ఇంకా అద్దె విలువే నడుస్తోంది. మన ఆంధ్రాలో 2021 ఏప్రిల్ నుంచి మూలధన విలువ వచ్చి కూర్చుంది. రిజిస్ట్రేషన్ వాళ్లు రాసుకున్న భూమి ధరకి కట్టడం ధర కలిపి, నివాసమైతే అందులో 0.10 నుంచి 0.50 శాతం. పక్కవీధిలో ఎవరో అపార్టుమెంటు లేపితే, తాతలనాటి ఇంట్లో పింఛనుతో బతికేవాడి ఆస్తి కూడా పెరిగినట్టే. అమ్మితే కదా ఆ డబ్బు! ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదని కట్టడి పెట్టారు, మంచిదే. కానీ ఏటా 15 పెరిగితే అయిదేళ్లకి రెట్టింపు. ఎవరి పింఛను అలా పెరుగుతోంది?

సరే, దారి మూసెయ్యలేదు. పన్ను కొత్తగా వేసినా, సవరించినా స్పెషల్ నోటీసు ఇస్తారు. దాని మీద కమిషనరుకి రివిజన్ పిటిషను పెట్టుకోవచ్చు. గడువు తక్కువ, అందుకని నోటీసు అందిన తేదీ దాని మీదే రాసుకోండి. పన్ను ఎక్కువైందని ఏడిస్తే పని జరగదు. ఏది తప్పో చెప్పాలి: కొలతా, కట్టిన ఏడాదా, వాడకమా. మా వీధిలో ఒకావిడ కిరాణా కొట్టు ఎత్తేసి ఆ గదిలో మంచాలు వేసుకుంది, రికార్డులో మాత్రం అది కొట్టే. వ్యాపారానికి రేటు 2 శాతం దాకా పోవచ్చు. ఇంటి కేటగిరీలోకి మారిన కరెంటు బిల్లు, ఫొటోలు జతచేసి ఇచ్చింది. మనిషి వచ్చి చూశాడు, మార్చారు. కాగితం ఇచ్చినప్పుడు నకలు మీద ఇన్‌వార్డు నంబరు వేయించుకోవడం మరవొద్దు. పిటిషను పెట్టాం కదా అని పన్ను మొత్తం ఆపేసినా చిక్కే, బకాయికి నెలకి 2 శాతం వడ్డీ పడుతుంది. కోర్టుకే పోతానంటారా? హైదరాబాదులో విలువ మీద అప్పీలుకి వెళ్లాలన్నా ముందు కమిషనరు దగ్గర ఫిర్యాదు చేసి ఉండాలి.

ఏప్రిల్‌లో ఏడాది పన్నంతా కట్టేస్తే 5 శాతం రాయితీ అనగానే పరుగెడతారుగా. ఆ పరుగుకి ముందు మీ ఇంటి లెక్కలో ఏం రాశారో చదవండి. తేడా ఉంటే పిటిషను పెట్టండి. రాయడం చేతకాకపోతే సాయంత్రం మా ఇంటికి రండి, నేను రాసిపెడతాను.