ఫోను మనది, తప్పు కొరియాది

సెల్లు కొనిచ్చిన నాన్న నిర్దోషి. ముద్ద మింగడం లేదని ఎనిమిదో నెలలోనే ఆ సెల్లు ముఖం ముందు పెట్టిన అమ్మ నిర్దోషి. డేటా చాలడం లేదని పిల్లాడు గోల చేస్తే ఇంటికి వైఫై పెట్టించిన బాబాయి నిర్దోషి. టెన్త్‌లో మంచి మార్కులొస్తే ఐఫోను పంపిస్తానని మాటిచ్చి నిలబెట్టుకున్న డాలస్ మామయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆయన నిర్దోషులకే పెద్ద. మరి మనవాడు రాత్రి రెండింటిదాకా దుప్పటి ముసుగులో పబ్జీ ఆటలో తుపాకులు పేలుస్తున్నాడే, దానికి దోషి ఎవరు? ఎక్కడో దక్షిణ కొరియాలో కూర్చున్న కంపెనీవాడు. నేరం మన పడగ్గదిలో, నేరస్తుడు సముద్రాలవతల. ఇంత హాయైన దర్యాప్తు ఏ పోలీస్ స్టేషన్లోనూ జరగదు.

ఆ కంపెనీవాడేమన్నా తక్కువ తిన్నాడా? ఆట తెరవగానే హెచ్చరికలు, వయసు నిబంధనలు, పిల్లల్ని పెద్దలే కనిపెట్టుకోవాలన్న సుద్దులు. చెప్పాల్సింది చెప్పాం, మీ పిల్లల్ని మీరు చూసుకోండి అన్నది వాడి వాదన. పెద్దలు ఆటను తిడతారు, ఆట పెద్దలను చూపిస్తుంది. రెండు పక్షాల కోరికా ఒక్కటే: తప్పు నాది కాకపోతే చాలు.

ఈ కేసులో ప్రభుత్వం పాత్ర మరీ రంజు. 2019 జనవరిలో ఢిల్లీలో జరిగిన పరీక్షా పే చర్చలో ఒక తల్లి, కొడుకు ఆన్‌లైన్ ఆటల్లో పడి చదవడం లేదని మొరపెట్టుకుంది. మీవాడు పబ్జీవాలానా అని ప్రధాని మోదీ అడిగేసరికి హాలు హాలంతా నవ్వింది. టీవీల ముందున్న అమ్మానాన్నలకు మాత్రం ధైర్యం వచ్చింది, దోషి పేరు ఢిల్లీదాకా తెలిసిపోయిందని. మార్చి వచ్చేసరికి గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు ఆ ఆటను నిషేధించి, ఆడుతూ దొరికిన కుర్రాళ్లను అరెస్టు చేశారు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌ల మీద వేటు వేసింది. అందులో పబ్జీ మొబైల్ ఒకటి. ఇళ్లల్లో పండగే పండగ. తీరా చూస్తే ఆ ప్రకటనలో ఉన్నది దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశీ సర్వర్లకు తరలిపోతున్న సమాచారం. సరిహద్దులో చైనాతో ఉద్రిక్తత నడుస్తున్న రోజులవి. కొరియాలో పుట్టిన ఆటను మొబైల్లోకి తెచ్చింది చైనా కంపెనీ టెన్సెంట్. మనవాడి మ్యాథ్స్ మార్కుల కోసమే నిషేధించారని మాత్రం మనమే అనుకున్నాం.

పది నెలలు తిరిగాయో లేదో, 2021 జూలై 2న అదే ఆట పేరు చివర 'ఇండియా' తగిలించుకుని బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాగా దిగింది. నెత్తురు ఎరుపు పోయి ఆకుపచ్చ అయింది. చంపడం పోయి 'ఫినిష్' వచ్చింది. మనిషిని పచ్చని నెత్తురు కారేలా ఫినిష్ చేస్తే అది హింస కాదన్నమాట. 2022 జూలైలో మళ్లీ ప్లేస్టోర్ నుంచి మాయం, 2023 మేలో మళ్లీ ప్రత్యక్షం.

2021లో వచ్చినప్పుడు పిల్లల క్షేమం కోసం నిబంధనలు కూడా వెంటబెట్టుకొచ్చింది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు రోజుకు 3 గంటలకు మించి ఆడకూడదు, రోజుకు 7,000 రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదు. రోజుకు ఏడు వేలు! నెలకు రెండు లక్షల పదివేలు. ఈ పొదుపు సూత్రం ఏ ఇంటి పిల్లాణ్ణి చూసి రాశారో గానీ, ఆ ఇంటివాళ్లు నన్ను దత్తత తీసుకుంటే బాగుండు. ఇంకో నిబంధన, మైనరు ఆడాలంటే అమ్మదో నాన్నదో నంబరిచ్చి ఓటీపీతో అనుమతి తీసుకోవాలి. బ్రహ్మాండం. ఓటీపీ నాన్న ఫోనుకే వస్తుంది. నాన్న ఫోను ఎవరి చేతిలో ఉంది? వాడి చేతిలో. బుద్ధిమంతుడు గనుక నిబంధన ప్రకారం తనకు తానే అనుమతి ఇచ్చుకుని మొదలుపెడతాడు.

పిల్లలు చెడిపోవడం మనకు కొత్త కాదు, చెడగొట్టేవాడి పేరే ఎప్పటికప్పుడు మారుతుంది. డిటెక్టివ్ నవలలన్నారు, మార్నింగ్ షోలన్నారు, కేబుల్ టీవీ అన్నారు, వీధి చివర వీడియో గేమ్ పార్లరన్నారు. ఆ రోజుల్లో డిటెక్టివ్ నవలలు చదివి చెడిపోయినవాళ్లే ఈ రోజు వాట్సాప్‌లో పిల్లల పెంపకం మీద సూక్తులు పంపుతున్నారు. కాబట్టి ఇప్పటి భయమూ అలాంటిదేనని ఆట తరఫు వకీళ్లు కొట్టిపారేస్తారు. తిరకాసంతా అక్కడే ఉంది. డిటెక్టివ్ నవల అర్ధరాత్రి గూట్లోంచి లేచొచ్చి 'నిన్న నన్ను తెరవలేదేం?' అని అడగలేదు. వరసగా వారం రోజులు చదివితే బహుమతి ఇస్తాననలేదు. ఆదివారంలోగా కొనకపోతే ఈ చొక్కా మళ్లీ దొరకదని బెదిరించలేదు. ఆట ఈ మూడూ చేస్తుంది. పైగా లోపల ఏముందో చెప్పకుండా, డబ్బు కట్టించుకుని తెరిపించే పెట్టెలు కూడా అమ్ముతుంది.

అసలు ముడి ఇంకోటుంది. వందమంది దిగే ఆట అరగంట దాకా సాగుతుంది, మధ్యలో ఆపడానికి బటన్ ఉండదు. నలుగురు ఒక జట్టు. అన్నం చల్లారిపోతోందిరా అని అమ్మ కేకేసే సమయానికి వాడు చివరి జోన్‌లో ఉంటాడు. ఒక చెవిలో అమ్మ, ఇంకో చెవిలో ఇయర్‌ఫోను, అందులో ముగ్గురు స్నేహితులు. 'రెండే నిమిషాలమ్మా' అన్నది వాడి దృష్టిలో అబద్ధం కాదు. ఇప్పుడు లేచొస్తే ఆ ముగ్గురూ చస్తారు, క్షమించాలి, ఫినిష్ అవుతారు. రేపు బడిలో ఆ ముగ్గురికీ ముఖం చూపించాలి. పదమూడేళ్లవాడికి వేడన్నం కన్నా స్నేహధర్మం పెద్దదన్న సంగతి అమ్మకన్నా ఆట తయారుచేసినవాడికే బాగా తెలుసు. అందుకే ఆపే బటన్ పెట్టలేదు, కొనే బటన్ మాత్రం పెట్టాడు.

ఇక రోగం మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో గేమింగ్ డిజార్డర్‌ను వ్యాధుల జాబితాలో చేర్చింది; 2022 జనవరి నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. లక్షణాలు మూడు: ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లకు కనబడుతున్నా ఆపలేకపోవడం. మామూలుగా ఏడాది పాటు ఇవి కనబడితేనే వ్యాధి అంటారు. వేసవి సెలవుల్లో రెండు వారాలు ఆడినవాణ్ణి చుట్టాల ముందు నిలబెట్టి 'మావాడు అడిక్టయిపోయాడండీ' అని చాటింపు వేయడానికి ఆ సంస్థ ఎవరికీ అధికారం ఇవ్వలేదు. పోతే, ఆట అన్నచోట రీల్స్ అని పెట్టుకుని ఆ మూడు లక్షణాలూ ఇంకోసారి చదవండి. రోగుల సంఖ్య పెరుగుతుంది, సగటు వయసు కూడా పెరుగుతుంది. అది చదివిన వెంటనే ఫోను పక్కన పెట్టేసిన తండ్రులు లేకపోలేదు, ఛార్జింగు అయిపోయి.

అయినా నాన్న ఆడేది ఆట కాదు, నైపుణ్యం. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనని సుప్రీంకోర్టు 1960లలోనే చెప్పింది, అదీ సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో. ఆ ముక్క పట్టుకునే ఆన్‌లైన్ రమ్మీ ఇల్లిల్లూ తిరిగింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తానంటూ చట్టం చేసింది. అంటే నాన్న ఆటకు నిషేధం పడింది, కొడుకు ఆటల జాతికి గుర్తింపు వచ్చింది. భోజనాల దగ్గర ఈ కబురు ఎవరూ ఎత్తరు.

మనం మూసేసిన ఆటల సంగతీ చూడాలి. ఊరి చివర ఆడుకునే బయలు ప్లాట్లయిపోయింది. అపార్ట్‌మెంటు సెల్లారులో 'ఇక్కడ బంతాట ఆడరాదు' అని బోర్డు. కారు అద్దం పగిలితే అసోసియేషన్ గ్రూపులో నెల రోజుల యుద్ధం. వీధిలోకి వెళ్తే బండ్లు. పక్కింటి డాబా ఎక్కితే 'వాడు చదవడు, వాడితో తిరక్కు'. ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్. ఇంటర్‌కొచ్చేసరికి పొద్దున్నే స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. మధ్యలో ఆడదామన్నా మైదానమేదీ? నాలుగంతస్తుల భవనం అద్దెకు తీసుకుని కాలేజీ బోర్డు తగిలించారాయె. బయట ఆడితే బలాదూరు, లోపల ఆడితే వ్యసనపరుడు. పబ్జీలోని ఎరాంగెల్ దీవి ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. పరిగెత్తొచ్చు, ఈదొచ్చు, జీపు తోలొచ్చు, ఎవరూ తరమరు. తరిమేవాళ్లున్నా చదువుకోమని మాత్రం తరమరు. వాడికి అంత బయలు మనం ఏ ఊళ్లో చూపించాం?

చట్టం పెట్టి ఆపేద్దామంటారా? దక్షిణ కొరియా తన ఇంట్లోనే ఆ ముచ్చట తీర్చుకుంది. పదహారేళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరింటిదాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని 2011లో కట్టడి చేసింది. పిల్లలు అమ్మానాన్నల గుర్తింపు నంబర్లతో ఆడారు. ఈలోగా ఆటలు కంప్యూటర్లోంచి సెల్లులోకి మకాం మార్చాయి. 2021లో ఆ చట్టాన్ని ఎత్తేయాలని ప్రభుత్వమే నిర్ణయించింది. చైనా అదే ఏడాది సెప్టెంబరు నుంచి మైనర్లకు శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవుల్లోనూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఒక్క గంటే అంది. పెద్దల పేరుతో ఉన్న ఖాతాలకు అద్దెలు పుట్టాయి. అమెరికా వాళ్లు వేరే దారి పట్టారు. ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 52 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది. అందులో 24.5 కోట్లు, తికమక పెట్టే బటన్లతో అక్కర్లేనివి కొనిపించారన్న ఆరోపణ మీద కొన్నవాళ్లకు తిరిగివ్వడానికి. మిగతాది పిల్లల సమాచారం సేకరించిన వ్యవహారంలో జరిమానా. ఆటను ఎవరూ ఆపలేదు. కంపెనీ జేబు మీద మాత్రం దెబ్బ పడింది.

కనుక తీర్పు ఇది. కంపెనీ దోషి: మైనర్ల ఖాతాల్లో మూతపెట్టెలు, రోజువారీ ఎరలు తీసేయాలి, ఏడు వేల పరిమితి సున్నా చేయాలి, కాదంటే జరిమానా కట్టాలి. అమ్మానాన్నలూ దోషులే: రాత్రి పదింటికి ఇంట్లో ఫోన్లన్నీ, తమవి కూడా, హాల్లో ఛార్జింగుకు పెట్టాలి, వారానికొకసారి వాడి పక్కన కూర్చుని ఆ ఆట ఆడి, వాడి చేతిలో చిత్తుగా ఓడిపోవాలి. అసోసియేషన్ సెల్లారులో బోర్డు పీకేసి, పగిలిన అద్దాల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుపుకోవాలి. ఆట తప్పు ఎంత రుజువైనా మన తప్పు అణా పైసా తగ్గదు. వాడి చేతిలోంచి ఫోను లాక్కోండి, కాదనను. అయితే లాక్కునే ముందు, సాయంత్రం ఐదింటికి వాణ్ణి ఎక్కడికెళ్లి ఆడుకోమంటారో ఆ చోటు పేరు చెప్పండి.